బనగానపల్లె బంగళాకు పేరు లేదా?

బనగానపల్లె యూరి వెలుపల ఒక గుట్టమీద పాత బంగళా యొకటి కలదు. బనగానపల్లె నవాబులు వేసవి విడిదిగా కట్టించుకొన్న భవనమది. గడచిన యేడు మా బడి పిల్లలను యాగంటికి తీసికొనిపోవుచు త్రోవలో అచట బండి నిలిపింపబోతిమి. నిలుపకమునుపే పిల్లలు కిటికీలలోనుండి తలలు బయటపెట్టి "అరుంధతి కోట! అరుంధతి కోట!" అని కేకలు వేసిరి. దీనిని కట్టించినవారెవరని యడిగితిమి. "అరుంధతి" యని యొకడు చెప్పెను. అరుంధతి యెవరని యడిగితిమి. "గద్వాల రాణి" యని వేఱొకడు చెప్పెను. ఇద్దరిలో ఎవరికిని లేశమైనను సందేహము లేదు. గుట్టక్రింద మజ్జిగ యమ్ముచున్న ముసలమ్మ మాత్రము నవ్వి, "మా నాయన కాలంలో నవాబు బంగళా అంటాండ్రి సారూ. సినిమావోళ్లొచ్చి పోయినాక పేరు మారిపాయ" అనెను.

ఆ చిత్రము పేరు "అరుంధతి". కోడి రామకృష్ణగారి దర్శకత్వమున 2009లో వెలువడినది. కథ గద్వాల సంస్థానమున నడచినట్లు కల్పింపబడినది. గద్వాలయో తుంగభద్ర కావల తన కోటతో, తన చరిత్రతో వేఱుగ నున్నది. బనగానపల్లె 1948లో మదరాసు రాష్ట్రమున కలియువరకు నవాబుల యేలుబడిలోనుండిన చిన్న సంస్థానము. ఒక సంస్థానపు భవనమునకు మఱియొక సంస్థానపు పేరును, ఆపైన పుట్టని రాణి పేరును తగిలించుట ఒక్క ఆటలో జరిగిపోయినది. దానిని వదల్చుట పదునైదేండ్లు దాటినను ఎవరికిని చేతకాలేదు. ఇది దర్శకుని నేరమని మేమనము. కట్టుకథకు కట్టడము కావలయును. తగినది కనబడినచో ఎరువు తెచ్చుకొనుట ఆ వృత్తికి సహజము. మా ఫిర్యాదు మఱియొకటి. ఆ బంగళాను గూర్చి ఆ పిల్లలకు అంతకుమున్ను ఎవరును ఏమియు చెప్పియుండలేదు. బోసిగానున్న పలకమీద మొదట ఎవడేమి వ్రాసిన అదియే పాఠమగును. సినిమా వ్రాసినది; మనము వ్రాయలేదు.

ఇదే బనగానపల్లె పేరును వేఱొక విద్యవారు వాడిన తీరు చూడుడు. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప కర్నూలు ప్రాంతముల శిలలను గూర్చి 1872లో ఒక గ్రంథము ప్రకటించెను. రాతిపొరలకు పేర్లు పెట్టవలసివచ్చినప్పుడు ఆయన గ్రీకు భాషకు పోలేదు, తన రాణిగారి పేరును తలపలేదు. పొర యెచ్చట చక్కగ కనబడినదో ఆ యూరి పేరే పెట్టెను. బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యము - ఇవి యాయన పొరలు. నార్జి, ఔకు, కోవెలకుంట్ల, నంద్యాల అను పేర్లను గూడ ఆయనయే ఆ వరుసలో చేర్చెను. నేటికిని మన దేశపు ప్రాచీన శిలలను చదువు విద్యార్థి ఈ పేర్లను నోరార పలుకక ఆ పాఠమును దాటజాలడు. పరదేశి మా రాతిని చూచి మా యూరిపేరు నిలిపెను. మనవారు మా మేడను చూచి మా యూరిపేరు చెఱిపిరి. తెలిసికొనుటకు చూచుట యొకటి, వాడుకొనుటకు చూచుట వేఱొకటి. తెలుగు చలనచిత్రము సీమను నేటివరకు ఎక్కువగ రెండవ చూపుతోనే చూచినదని మా వాదము.

సీమ సినిమాకు పరాయిది యైనచో ఈ మాట యనుటకు మాకు నోరు లేకపోవును. కాని చరిత్ర యట్లు లేదు. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారసవారు "కీచకవధ" నాటకమాడిరి. ఆ యూరిపేరే తరువాత తెలుగు దేశమంతట నాటకమునకు మాఱుపేరయ్యెను. చిత్రించిన తెరలను చుట్టి బండ్లకెత్తి, రాజసభను, అంతఃపురమును, అడవిని ఊరూరికి మోసికొనిపోయినవారు వారు. గుడ్డమీద వాస్తువును నిలిపి, దీపపు వెలుగులో దానిని నమ్మించిన విద్య వారిది. 1932లో మొదటి తెలుగు టాకీయైన "భక్త ప్రహ్లాద" వెలువడినప్పుడు లీలావతి వేషము కట్టినది సురభి కమలాబాయి. అటుపిమ్మట పులివెందుల ప్రాంతమున 1908లో పుట్టిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారు - లోకమునకు బి. ఎన్. రెడ్డిగారు - మదరాసులో వాహినీ సంస్థను నడపి తెలుగు చిత్రమునకు గౌరవము గడించిరి. వారి తమ్ముడు నాగిరెడ్డిగారు విజయా సంస్థకు మూలస్తంభము. తాడిపత్రినుండి వచ్చిన కె. వి. రెడ్డిగారు 1947లో "యోగి వేమన" తీసిరి. తెలుగు సినిమా యింటికి పునాదిరాళ్లు అనేకములు సీమనుండి పోయినవే. ఆ యింటిలో సీమకు దొరకిన గది యేదియని యడుగుటకు మాకు హక్కు కలదు.

బి. ఎన్. రెడ్డిగారి "మల్లీశ్వరి"ని చదువరులు చూచియే యుందురు. 1951 నాటి చిత్రము, కళాదర్శకులు ఎ. కె. శేఖర్‌గారు. అందలి వీరాపురము మదరాసు స్టూడియోలో నిలిపిన కృత్రిమ గ్రామము. అయినను దానిని అబద్ధమని యెవరును అనలేదు. ఏలన, అందు నాయకుడు శిల్పి. రాయి చెక్కుట వాని బ్రతుకుతెరువు. వానలో చిక్కుకొన్నవారు తలదాచుకొనునది పాత మండపమున; అక్కడనే పిల్ల నాట్యమాడును, అక్కడనే మాఱువేషమున వచ్చిన రాయలు చూచును, అక్కడనుండియే కథకు దుఃఖము మొదలగును. ఆ మండపమును తీసివేసిన కథ నడవదు. స్తంభము వెనుక నిలుచుటకును, మెట్టుమీద కూర్చుండుటకును, చూరునుండి జారు నీటిధారకును అందు పని యున్నది. కావున మేము కృత్రిమ దృశ్యములకు శత్రువులము కాము. దర్శకుడు కట్టడమును ఎఱిగి తీసెనా, ఎఱుగక తీసెనా అనునదే మా ప్రశ్న. ఎఱిగినవాడు గుడ్డతో కట్టినను సత్యము పలికించును. ఎఱుగనివాడు నిజమైన కోటలో నిలుచుండియు దానిచేత అబద్ధమాడించును.

బి. ఎన్. రెడ్డిగారికి 1974 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము లభించెను. వారు 1977లో గతించిరి. తరువాత రెండు దశాబ్దములకు వారి సీమ వెండితెరమీద మఱల ప్రత్యక్షమయ్యెను. ఏ రూపమున? 1999లో "సమరసింహారెడ్డి", 2002లో "ఆది", అదే యేట "ఇంద్ర" - వీని వెనుక మఱి యెన్నియో. ఆ చిత్రముల సీమలో ఇండ్లు రెండే విధములు. ఒకటి, తెల్లని కంబములతో, పాలరాతి మెట్లతో, నూఱుమంది నిలువగల చావడితో గూడిన పెద్దమనిషి మేడ. రెండవది, తగులబెట్టుటకు పనికివచ్చు గుడిసె. ఈ రెంటి నడుమ సీమజనములో ఎక్కువమంది తరతరములుగ కాపురమున్న మిద్దె లేదు. రచ్చకట్ట యున్నది, కాని పంచాయతీ చెప్పుటకు గాక తల నఱకుటకు. కోట బురుజు లున్నవి, కాని వానిపైనుండి బాంబులు విసరుటకు. గుడి యున్నది, కాని జాతరలో శత్రువును చుట్టుముట్టుటకు. కట్టడములన్నియు కొడవలికి ఒరలైనవి.

"కక్షలు నిజము కావా? ఉన్నదానిని చూపినచో కోపమేల?" అని ప్రశ్నింపవచ్చును. నిజమే. ఊరికి ఊరు బీడువడిన కాలమును మేము చూచినాము. తండ్రి లేని పిల్లలకు అక్షరములు దిద్దించినాము. కక్షలు లేవని బొంకువారము కాము. కాని నీళ్లు లేని నేలలో అధికారము, కాంట్రాక్టులు, కూలి, భయము ఏవిధముగ పెనవేసికొన్నవో తెలుపుట నిజము. మీసము మెలివేసి తొడకొట్టుట నిజము కాదు. అది నిజమునకు వేసిన వేషము. 2018లో వచ్చిన "అరవింద సమేత వీరరాఘవ" ఆ చావుల వెనుకనున్న స్త్రీల దుఃఖమునకు నోరిచ్చెను; దానిని మేము మెచ్చుకొందుము. అయినను ఒక్క మాట. 1934లో ఫ్లాహర్టీ అను ప్రసిద్ధుడు ఐర్లండు చెంతనున్న అరాన్ దీవుల రాతినేలను "మాన్ ఆఫ్ అరాన్" అను చిత్రముగ తీసెను. ఆ దీవులవారు సొరచేపల వేటను ఎన్నడో మానివేసియుండిరి. చిత్రము రక్తి కట్టవలయునని దర్శకుడు ఆ వేటను వారికి క్రొత్తగ నేర్పించి తీసెను. లోకము మాత్రము వారు నిత్యము సొరచేపలతో పోరాడుదురని నమ్మెను. మా గతియు నట్టిదే. పాతకక్షలు చల్లారిన యూళ్లలో పుట్టిన పిల్లవాడు పై చదువునకు పట్టణమునకు పోయి తన యూరిపేరు చెప్పినప్పుడు, ఎదుటివాడు నవ్వుచు "మీ యింట బాంబు లున్నవా?" అని యడుగును. మా పూర్వవిద్యార్థి యొకడు దీనికి జవాబు చెప్పలేక తనది బెంగుళూరు దగ్గఱ యని చెప్పుట నేర్చుకొన్నానని మాతో ననెను. ఊరిపేరు దాచుకొను బిడ్డను తయారుచేసిన కళను వేడుకయని ఊరకొనుట మాకు సాధ్యము కాదు.

ఇక కర్నూలు కొండారెడ్డి బురుజు సంగతి. పాతకోటలో మిగిలిన భాగములలో ఇది ప్రసిద్ధమైనది. 2003లో గుణశేఖర్‌గారి "ఒక్కడు" చిత్రమున ఈ బురుజుకడ జరిగిన ఘట్టము తెలుగు రాష్ట్రముల పిల్లలందరికిని కంఠస్థము. అదే చిత్రమునకు హైదరాబాదు చార్మినారును కొయ్యతోను ప్లాస్టరుతోను కట్టిరి. బురుజుకు మాత్రము కర్నూలుకే వచ్చిరి. 2020లో "సరిలేరు నీకెవ్వరు" వచ్చెను. అప్పటికి కర్నూలుకు వచ్చుటయు అక్కఱలేకపోయెను. బురుజునే రామోజీ ఫిల్మ్ సిటీలో కట్టుకొనిరి. జనసమ్మర్దము, రాకపోకలు, ఖర్చు - కారణములు వారికి చాలగలవు, కాదనము. కాని పదునేడేండ్లలో ఆ రాతి గుండ్రము ఎట్టి వస్తువయ్యెనో తలచుడు. దాని కొలతలు పోయి ఆకారము మిగిలెను. దాని యూరు పోయి చప్పట్లు మిగిలెను. అదే నగరమున హంద్రి యొడ్డున అబ్దుల్ వహాబు సమాధియైన గోల్ గుమ్మజు కలదు. కొంచెము దూరమున ఎఱ్ఱబురుజు కలదు. 1953 అక్టోబరు 1వ తేదీ మొదలుకొని మూడేండ్లు ఆంధ్రరాష్ట్రమునకు రాజధానియైన నగరమిది. ఇన్ని యుండగా ఒక్క బురుజు, అదియు ఒక్క కోణమున, అదియు పోట్లాటకొఱకు. దానిని చూచుట యనవచ్చునా?

గండికోటకు పట్టినది వేఱు రోగము. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్న పాఱిన గండిపైన పెమ్మసానివారి కోట అది. లోపల మాధవరాయ, రంగనాథ దేవాలయములును, జామియా మసీదును, ధాన్యపుకొట్టును నున్నవి. 1650 ప్రాంతమున మీర్ జుమ్లా దీనిని వశపఱచుకొనెను. 1652లో టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు ఇచ్చటికి వచ్చి ఆయనను కలసికొనెను. ఇప్పుడు డ్రోను కెమేరా గల ప్రతివాడును ఆకాశమున కెగిరి ఆ గండిని చూపుచున్నాడు. ఆకాశమునుండి చూచినచో కోటకు బుద్ధి కనబడదు. ద్వారము లోపల దారి యేల మలుపు తిరిగినదో, గుడి గోపురమును మసీదు మినారులును నడచి వచ్చువానికి ఏ వరుసలో కనబడునో, ధాన్యపుకొట్టుకు గోడలేల అంత మందమో నేలమీద నడచినవానికే తెలియును. కోటను కట్టినవాడు గ్రద్దకొఱకు కట్టలేదు. నడచి వచ్చు మనుష్యునికొఱకు కట్టెను.

అయినచో దేనిని చూడవలయును, ఎట్లు చూడవలయును? ఒక్క మట్టిమిద్దెను తీసికొందము. మా సీమలో ఏటికి పడు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. కోస్తావారివలె నీరు జాఱుటకు ఏటవాలు కప్పు అక్కఱలేదు; కావున కప్పు చదునయ్యెను. అడుగున రాయి, అడ్డమున మట్టి, రెండు మూఱల మందపు గోడ. గోడలపై దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై నాపబండలో కట్టెపుల్లలో, వానిపై మన్ను, మంటిపై చౌడు. చౌడు తడిసినకొలది బిగిసికొనును, నీటిని దిగనీయదు. పొలమునకు శత్రువైన చవిటిమన్నే యింటికి గొడుగైనది. ఇంతకంటె గొప్ప ఉపాయము ఏ వాస్తుగ్రంథమున నున్నది? కప్పు నడుమ వెలుతురుకొఱకు ఒక బెజ్జము. దానిని గవాక్షి యందురు, పల్లెటూళ్లలో గవాచ్చి. సంస్కృతమున ఎద్దుకన్నని యర్థమిచ్చు గవాక్షమే మా అవ్వల నోట నలిగి గవాచ్చి యైనది. ప్రొద్దునుండి సాయంకాలమువరకు ఆ వెలుగుముద్ద నేలమీద నడచుచుండును. దాని స్థానమును బట్టియే ముసలివారు వేళ చెప్పుదురు. వాన చినుకు పడగానే ఎవరో యొకరు నిచ్చెన యెక్కి దానిమీద బండ మూయుదురు. వేసవి రాత్రులు ఆ మిద్దెపైననే పడక, కథలు, నక్షత్రములు. శనగకాయలు, మిరపకాయలు ఎండునదియు నచ్చటనే. వాకిలి పొట్టిది, రాజైనను తల వంచి లోనికి రావలయును.

తలవంచి లోనికి వచ్చు కెమేరా మాకు కావలయును. జపానులో ఓజు అను దర్శకుడు కలడు. ఆ దేశపు ఇండ్లలో జనులు చాపలమీద కూర్చుందురు గనుక, ఆయన తన కెమేరాను నేలకు చేరువగా, కూర్చున్నవాని కంటియెత్తున నిలుపుచుండెను. 1953 నాటి "టోక్యో స్టోరీ" చూచిన ఇల్లే కెమేరాకు స్థానము నిర్ణయించినదని తెలియును. సత్యజిత్ రాయ్ 1958లో "జల్సాఘర్" తీయుటకు ముర్షిదాబాదు మండలమున పద్మానది యొడ్డునున్న నిమ్‌తితా రాజభవనమునకు పోయెను. సంగీతపు గదిని స్టూడియోలో కట్టించినను, ఆ భవనపు ఏకాంతము, ఏటి గాలి, పగిలిన గచ్చు ఆ జమీందారు పతనమునకు సగము మాటలు చెప్పినవి. నేటికిని ఆ చిత్రము తలచినవారు నిమ్‌తితా పేరు తలతురు. బనగానపల్లెకు దక్కనిది నిమ్‌తితాకు దక్కినది. మన విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రమున ఈ విచారమే కలదు. విగ్రహము చేయ నేర్పుమని రాజడుగగా, మార్కండేయుడు చిత్రలేఖనము తెలియనిచో అది తెలియదని, దానికి నృత్యమును, నృత్యమునకు వాద్యమును, వాద్యమునకు గానమును మొదట తెలియవలయునని వెనుకకు వెనుకకు తీసికొనిపోవును. ఆ వరుసకు నేడు ఒక మెట్టు చేర్తుము. చలనచిత్రము తెలియగోరువాడు ఇల్లు తెలియవలయును. ఇల్లు తెలియగోరువాడు దానిని కట్టిన చేతిని తెలియవలయును.

మన పూర్వులకు ఈ సంగతి తెలియకపోలేదు. శ్రీశైల దేవాలయపు ప్రాకారము చుట్టు నడచినవారికి గోడపొడవునను ఏనుగులు, వేటలు, శివకథలు వరుసగ కనబడును. పుష్పగిరి చెన్నకేశవాలయపు గోడలమీదను కథలు వరుసలు తీఱియున్నవి. బొమ్మలు నిలిచియుండును, చూపరి నడచును. సినిమాలో చూపరి కూర్చుండును, బొమ్మలు నడచును. భేదమింతే. ప్రదక్షిణముగ కథ చూచిన జాతికి కెమేరా కొత్త విద్య కాదు, మఱచిన విద్య.

తొందర యేమియని యడుగకుడు. తొందర కలదు. శ్రీశైలము ఆనకట్ట నీటిలో కృష్ణా తుంగభద్రల ప్రక్కనున్న పల్లెలు ఎన్నో మునిగినవి. అప్పుడు కొన్ని దేవాలయములను రాతికి రాయి విప్పి వేఱొకచోట మఱల కట్టిరి. కూడలి సంగమేశ్వరాలయము అలంపురమునకు చేరెను. రూపాల సంగమేశ్వరాలయము కర్నూలు జగన్నాథగట్టు నెక్కెను. మెచ్చదగిన పని. సప్తనది సంగమమందలి సంగమేశ్వరుడు మాత్రము ఏటేట నీట మునిగి, వేసవిలో నీరు తీసినప్పుడు బయటపడి పూజలందుకొనును. దేవుని రాళ్లకు అంకెలు వేసిన మనము మనుష్యుల ఇండ్లరాళ్లకు వేయలేదు. ఏ ఇంటికి ఏ దిక్కున అరుగుండెనో, ఏ సందు ఏ బావికి పోయెనో మునుగడకు పోయిన ముసలివారి తలలలో మాత్రమే మిగిలినది. ఆ తలలును ఒక్కొక్కటిగ రాలిపోవుచున్నవి. అది పాతకథ, అప్పుడు కెమేరాలు అరుదు అందురా? 2020లో గండికోట జలాశయమున నీరు నిలిపినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వీథులలోనికి నీరు వచ్చెను. అప్పటికి ప్రతి జేబులోను కెమేరా కలదు. నీళ్లు వచ్చుటను తీసినారు. నీళ్లు రాకమునుపటి వీథిని ఎందఱు తీసిరి? మరణమును చిత్రించుటకు పరుగెత్తు మనము బ్రతుకును చిత్రించుటకు మఱతుము.

ఇంతదనుక సినిమావారిని అంటిమి. ఇప్పుడు మనవంక తిరుగవలయును. మిద్దెను చూచి సిగ్గుపడి కూలగొట్టి, సిమెంటు పెట్టె కట్టి, వైశాఖమాసమున దానిలో ఉడికిపోవుచున్నది ఎవరు? గుడిస్తంభముల చెక్కడములకు నూనెరంగులు పూసి, ముక్కుకు ఎఱుపు, కంటికి నలుపు దిద్దించినది ఎవరు? సున్నము వదల్చుట కని ఇసుకపోటు కొట్టించి శిల్పుల ఉలిగీతలను అరగదీసినది ఎవరు? నవాబు బంగళా గోడలమీద తమ పేర్లను, తమ ప్రేయసుల పేర్లను బొగ్గుతో వ్రాసినవారు చెన్నపట్టణమునుండి రాలేదు. మేమును నిర్దోషులము కాము. మా తాతగారి మిద్దెను విప్పినప్పుడు దూలములకు వెల కట్టించితిమి, గవాక్షి బండను దొడ్డిలో కాళ్లు కడుగుకొనుటకు వేయించితిమి. ఒక్క బొమ్మయైనను తీసియుంచలేదు. మా కుమార్తె ఆ యిల్లెట్లుండెనని యడిగినప్పుడు నేలమీద గీత గీచి చూపబోయి, గాది ఏ మూలనుండెనో జ్ఞప్తికి రాక నిలిచిపోతిమి. పాఠములు చెప్పి బ్రతుకు మాకే యిట్లయిన, ఇతరుల నేమనగలము?

కావున మా కోరికలు నాలుగు మాత్రమే. ఏ యొక్కటియు గొంతెమ్మకోరిక కాదు. మొదటిది: ఏ చిత్రమైనను నిజమైన కట్టడమున తీసినచో, కథలో దాని పేరేమైనను సరియే, చివర అక్షరములలో దాని నిజమైన పేరును, ఊరిని తెలుపవలయును. ఎరువు తెచ్చుకొన్న నగకు యజమాని పేరు చెప్పుట మర్యాద. రెండవది: రక్షిత కట్టడములలో చిత్రీకరణకు ప్రభుత్వము అనుమతియు రుసుమును విధించుచున్నది. ఆ రుసుములో ఒక పాలు ఆ కట్టడమును గూర్చియే ఒక చిన్న యథార్థచిత్రము తీయుటకు వినియోగింపవలయును. దానిని ఆ మండలపు బడులలో ప్రదర్శింపవలయును. మూడవది: సీమనుండి పోయి చిత్రసీమలో పేరు తెచ్చుకొన్న దర్శకులు, ఛాయాగ్రాహకులు ఏటికొక వారము తమ యూరి కీయవలయును. బేతంచెర్ల గనిలో బండను పొరలు పొరలుగ లేపు చేతిని, చౌడు తొక్కు పాదమును, పోతులూరి వీరబ్రహ్మముగారి మఠములో వాలిన ప్రొద్దును వారు తీయకున్న ఎవరు తీయుదురు?

నాలుగవది మీకు. ఈ పుటలు చదువు ప్రతి యింట నేడు కెమేరా యున్నది. పెండ్లిని తీయుచున్నారు, పుట్టినదినమును తీయుచున్నారు. పాత యిల్లు విప్పుటకు మున్ను ఒక్క దినము దానిని తీయుడు. ఇంటి ముసలమ్మను వెంట తీసికొని వాకిలినుండి దొడ్డివఱకు నడచుడు. ఇది ఏమి, దీనిని ఏమందురు, ఎవరు కట్టిరి, వాన వచ్చిన ఏమి చేయుదురు అని యడుగుడు. ఆమె మాటను ఆమె మాటగనే పట్టుకొనుడు, దిద్దకుడు. వెనుక పాట పెట్టకుడు. గవాక్షి వెలుగు నేలమీద జఱుగుటను చూపుటకు ఓర్పుతో కూర్చుండుడు. అట్టి చిత్రములు వంద చేరినచో, ఏ వేడుకబొమ్మయు చెఱుపజాలని పాఠము మన పలకమీద నుండును.

యాగంటినుండి తిరిగివచ్చుచు ఆ సాయంకాలము బండిని మఱల ఆ గుట్టకడ నిలిపించితిమి. పిల్లలను దింపి, మీమీ ఫోనులలో ఈ బంగళాను తీయుడు, కాని మొదట దీనిపేరు చెప్పి పిమ్మట తీయుడంటిమి. కొందఱు నవ్విరి, కొందఱు సిగ్గుపడిరి. ఉదయమున అరుంధతి పేరు చెప్పినవాడే ముందుకు వచ్చి, ఫోను ఎత్తిపట్టి, గొంతు సవరించుకొని, "ఇది బనగానపల్లె నవాబు బంగళా" అనెను. తరువాత ఏమి చెప్పవలయునో తెలియక మావంక చూచెను. ఆ తరువాతి వాక్యమును వానికి అందించుట మన బాధ్యత.